మూడు పిక్సెళ్ళ కన్నా చిన్నవి

131వ రోజు

స్కాన్ చేసిన షీట్లు ఆరు. తగ్గించినవి ఆరు. ఎక్కించినవి నాలుగు. మిగిలిన రెండూ ఎక్కేలోపు లింకు పోయింది.

ఆఫీసు రిజిస్టరులో ఇంతవరకు రాస్తే చాలు. మిగతాది ఈ నోటుపుస్తకంలో రాస్తున్నాను. మధ్యాహ్నం విన్న సంగతి ఎక్కడో ఒకచోట రాసిపెట్టకపోతే, రేపు నేనే ఇదేమీ జరగలేదని అనుకుంటానేమోనని భయంగా ఉంది.

నా పేరు ఎస్తేరు. పాత ఐస్ ఫ్యాక్టరీ పై అంతస్తులో కట్ట బోర్డు వారి స్కానింగ్ గది ఉంది. అందులో పనిచేసేది నేనొక్కదాన్నే, చేరి ఇవాళ్టికి నూట ముప్పై ఒక్క రోజులు. సముద్రం లోపలికి వచ్చాక మిగిలిన మెట్టల మీద, దిబ్బల మీద ఇంకా ఎవరెవరు ఉంటున్నారో సర్వేయర్లు పడవల్లో తిరిగి చూసి, మైనం పూసిన గుడ్డ మీద పటం గీసుకొస్తారు. మనుషులున్న ప్రతి ఇంటికీ ఒక ఎర్ర చుక్క. అంచున ఆ ఇంటివాళ్ళ వేలిముద్ర. ఒక్కో షీటు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటుంది. స్కానరు దాని మీద ఇరవై నిమిషాలు నడిస్తే ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందల పిక్సెళ్ళ బొమ్మ వస్తుంది. వెబ్‌సైటు రెండు వేలకు మించి తీసుకోదు. అందుకని తగ్గించి ఎక్కిస్తాను. ఇప్పటికి మూడు వందల పన్నెండు షీట్లు అలా ఎక్కించాను.

ఆ పటాలు ఎక్కువగా చూసేది మనుషులు కాదు, పీతలు. సముద్రాన్ని ఆపే కొత్త కట్టకు మట్టి మోసే యంత్రాలకు ఇక్కడివాళ్ళు పెట్టిన పేరది. ఆరు కాళ్ళ మీద అడ్డంగా నడుస్తాయి. లోపల మనిషి ఉండడు. మూడు రోజులకోసారి చార్జింగ్ తిన్నె ఎక్కి, అక్కడే సైటులోంచి కొత్త పటం దించుకుని పోతాయి. చుక్క ఉంటే దాని చుట్టూ యాభై మీటర్లు ముట్టుకోవు. చుక్క లేనిచోట ఉన్నదంతా వాటికి మట్టే. వదిలేసిన ఇళ్ళు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉన్నాయి కాబట్టి, గోడ అడ్డొచ్చినా ఆగవద్దని వాటికి నేర్పారు. ఏదైనా ప్రాణి కదులుతూ కనిపిస్తే మాత్రం ఆగుతాయి.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచేసరికి నాంచారయ్య బాబాయి వచ్చాడు. సర్వేయర్లలో అందరికన్నా పెద్దవాడు ఆయన. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎస్తేరమ్మా, నక్కలమెట్ట ఒకసారి తియ్యి" అన్నాడు.

సైటులో ఉన్న బొమ్మ తీశాను. ఆయన తెర దగ్గరికి వంగి చాలాసేపు వెతికాడు.

"నేను పెట్టిన చుక్కలేయి?"

అలమరలోంచి అసలు గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాను. ఆవగింజంత ఎర్ర చుక్కలు నాలుగు, దూరం దూరంగా ఉన్నాయి. అంచున నాలుగు వేలిముద్రలు. తెర మీద అదే చోట గుడ్డ రంగు తప్ప ఏమీ లేదు.

మొన్న పీతలు నక్కలమెట్టకు పోయాయని బాబాయి చెప్పాడు. మూడిళ్ళవాళ్ళు పడవలెక్కి బయటపడ్డారట. నాలుగో ఇంట్లో కనకయ్య అనే ముసలాయన జ్వరంతో పడుకుని ఉన్నాడు. కూతురు మంచినీళ్ళకు పోయింది. ఆయన కదల్లేదు, పీతలు ఆగలేదు.

అన్నం డబ్బా మూత పెట్టేశాను.

132వ రోజు

పొద్దున్నే వచ్చి తలుపు గడియ వేసుకున్నాను. నక్కలమెట్ట పెద్ద బొమ్మను మళ్ళీ తెరిచాను. అందులో ఒక్కో చుక్క ముప్పై ఐదు పిక్సెళ్ళ వెడల్పు ఉంది. తగ్గిస్తే రెండున్నరకు వస్తుంది. కనీసం పాలిపోయిన మచ్చలాగానైనా ఉండాలి. నా దగ్గర తగ్గించిన బొమ్మలో ఉంది కూడా, కళ్ళు చికిలించి చూస్తే. సైటులోకి వెళ్ళాక లేదు.

నియమాల పుస్తకం తీశాను. నూట నలభై పేజీల పుస్తకం. ఉద్యోగంలో చేరిన రోజు ఇరవై పేజీలు చదివి, పని అర్థమైంది కదా అని పక్కన పెట్టాను. అంతకుముందు పదేళ్ళు జిరాక్స్ షాపు నడిపినదాన్ని, బొమ్మలు తగ్గించడం నాకొకరు నేర్పాలా అనుకున్నాను. నూట పద్దెనిమిదో పేజీలో ఉంది: మూడు పిక్సెళ్ళ కన్నా చిన్న మచ్చలను మరకలుగా భావించి సైటు తుడిచివేస్తుంది.

ఆ వాక్యం మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాను. కిటికీ దగ్గరికి వెళ్తే, దూరంగా కట్ట మీద పీత ఒకటి మట్టి కుమ్మరించి వెనక్కి తిరుగుతోంది. రోజూ చూసేదే. ఇవాళ కిటికీ మూసేశాను.

పెద్ద ఊళ్ళకు ఏమీ కాలేదు. అక్కడ చుక్కలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, తగ్గించినప్పుడు ఒకదానిలో ఒకటి కలిసి పెద్ద మచ్చ అవుతాయి. ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం అదే. విడిగా ఉన్న ఇళ్ళే పోయాయి. ఒక్కో గుడ్డా తీసి తెరతో పోల్చుకుంటూ వచ్చాను. పొద్దు వాలేసరికి వంద షీట్లు అయ్యాయి. అందులో అరవై ఒక్క ఇళ్ళు తెర మీద లేవు.

కింద అంతస్తులో ఉండే మా ఆఫీసరు భోగేశ్వరరావు గారికి వెళ్ళి చెప్పాను. ముందు, ఇంకెవరికి చెప్పావని అడిగారు. తర్వాత, రెండు వేలకు తగ్గించమన్నది హెడ్డాఫీసు కదా అన్నారు. ఒక షీటు నంబరు మీద ఒక్కసారే ఎక్కించే వీలుందనీ, మార్చాలంటే పైకి రాయాలనీ, జవాబు రావడానికి తొమ్మిది రోజులు పడుతుందనీ చెప్పారు. చెబుతూనే చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతోంది. నాకన్నా పెద్ద పదవిలో ఉన్నాయన కూడా అంతే భయపడుతున్నారని తెలిశాక నాకింకా దిగులేసింది.

133వ రోజు

పీతలు ఏ రోజు ఏ షీటు మీద పనిచేస్తాయో మెట్ల దగ్గర పలక మీద రాస్తారు. రేపటి గడిలో 207 అని ఉంది. పరుగెత్తి గుడ్డ తీశాను. అది ఉప్పుదిబ్బ. దూరం దూరంగా పదకొండు ఇళ్ళు. సైటులో ఒక్కటీ లేదు.

తొమ్మిది రోజులు ఆగే వీలు లేదు. బొమ్మను తగ్గించకుండా కోస్తే ఎలా ఉంటుందని రాత్రంతా ఆలోచించాను. అడ్డంగా నాలుగు, నిలువుగా మూడు, మొత్తం పన్నెండు ముక్కలు. ఒక్కో ముక్కా ఏడు వేల రెండు వందల పిక్సెళ్ళు. దాన్ని రెండు వేలకు తగ్గించినా చుక్క తొమ్మిది పది పిక్సెళ్ళు ఉంటుంది, సైటు తుడవదు. ముక్కలకు నంబర్లు ఎక్కడివన్నదే చిక్కు. షీటు వివరాల ఫారంలో చివర అనుబంధాలు అని ఒక గడి ఉంది. వేలిముద్రలకు చోటు చాలనప్పుడు అదనపు కాగితాలు జతచేయడానికి పెట్టారు. అందులో పెట్టిన బొమ్మ కూడా పటంలో భాగమే అవుతుందని తొంభై మూడో పేజీలో ఉంది. ఇప్పుడు పుస్తకం మొత్తం చదివాను.

అనుబంధం ఎక్కాలంటే ఆఫీసరు వేలిముద్ర కావాలి. నేను రాసుకెళ్ళిన కాగితమంతా భోగేశ్వరరావు గారు చదివారు. ఇది నియమానికి విరుద్ధం కాదా అని అడిగారు. నాకు తెలియదని నిజమే చెప్పాను. ఆయన పైకి వచ్చి యంత్రం మీద వేలు పెట్టారు. చెమటకు మొదటిసారి ముద్ర పడలేదు. నా కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టించాను.

సైటు ఎప్పుడైనా చూడొచ్చుగాని, ఎక్కించే లింకు పదకొండు నుంచి రెండు గంటల వరకే ఉంటుంది. ఒక్కో ముక్కా దాదాపు పదిహేను నిమిషాలు తీసుకుంది. పన్నెండోది రెండుకు నాలుగు నిమిషాలుండగా ఎక్కింది. సైటు తెరిచి చూస్తే పదకొండు చుక్కలూ ఉన్నాయి. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆ సంగతి చెబితే నాంచారయ్య బాబాయి సంతోషించలేదు.

"పీతలు నిన్ననే తిన్నె దిగిపోయినయ్యమ్మా. రేపు సాయంత్రం నాలుగింటికి గాని మళ్ళీ ఎక్కవు. అప్పటిదాకా వాటి కడుపులో ఉండేది పాత పటమే" అన్నాడు.

ఉప్పుదిబ్బలో ఫోన్లు పనిచేయవు. పడవలో మూడు గంటల దారి. తెల్లవారగానే బయల్దేరదామన్నాడు. నేనూ వస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాకు నీళ్ళంటే భయం.

135వ రోజు

నిన్న రాయలేకపోయాను. వేళ్ళు ముడుచుకోవడం లేదు, పాదాలు పుండ్లయ్యాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేం చేరేసరికి ఎనిమిదైంది. పేరంటాలు అనే ఆమె ఒడ్డున వలలు విప్పుకుంటోంది. యాభై ఏళ్ళుంటాయి. బాబాయి ఆమెకే ముందు చెప్పాడు. ఆమె అందరినీ పిలిచింది. ముప్పై నాలుగు మంది. ఉన్నవి రెండు చిన్న పడవలు. ఎక్కించుకుపోయినా మళ్ళీ రావడానికి ఏమీ మిగలదని వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. పీతలు తవ్వితే ఇల్లు పోవడంతో ఆగదు, దిబ్బే నీళ్ళలోకి పోతుంది. పేరంటాలు అత్తగారు ఏడాదిగా మంచం మీద ఉంది.

బాబాయి వాళ్ళకు ఒక్కటే ఉపాయం చెప్పాడు.

"నిలబడితే ఇరవై లెక్కపెట్టేలోపు మనల్ని గుంజ అనుకుంటయ్యి. అందుకని నడవాల. ఎవరింటి చుట్టూ వాళ్ళు, నాలుగింటిదాకా నడుస్తానే ఉండాల."

తొమ్మిదింటికి వచ్చాయి. లోతులేని నీళ్ళలో నాలుగు, వరుసగా. దూరం నుంచి చప్పుడు చిన్నదే, మర ఆడుతున్నట్టు. దగ్గరికి వచ్చాక కాళ్ళ కింద నేల అదరడం తెలిసింది. మేం నడక మొదలుపెట్టాం. మొదటి పీత పేరంటాలు ఇంటి ముందుకు వచ్చి, పార ఎత్తి, ఆగింది. పేరంటాలు దాని ముందునుంచే నడిచి పోయింది. ఆమె వెనక కొడుకు. అతని వెనక కోడలు. పార ఎత్తింది ఎత్తినట్టే ఉంది. అది వెళ్ళిపోదు. కాచుకుని ఉంటుంది, అంతే.

ముసలామెను మంచంతో సహా నలుగురు భుజాలకెత్తుకుని ఇంటి చుట్టూ తిప్పారు. మోసేవాళ్ళు మారారుగాని మంచం ఆగలేదు. చెయ్యి ఊపుతూ ఉండమని చెబితే ఆమె రోజంతా ఊపింది. చూపు ఆనదు ఆమెకు. చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా "ఉన్నయ్యా ఇంకా?" అని అడుగుతోంది. ఉన్నాయని పేరంటాలు చెబుతోంది.

పదకొండో ఇల్లు మిగతావాటికన్నా మరీ ఎడంగా ఉంది. అందులో ఇద్దరే, మొగుడూ పెళ్ళామూ. ఇద్దరు చాలరని నన్ను అక్కడ పెట్టారు. ఎండ నడినెత్తికి వచ్చాక అడుగులు లెక్కపెట్టడం మానేశాను. రెండు గంటలప్పుడు ఆ మనిషికి కళ్ళు తిరిగి వంటింటి గోడ పక్కన కూలబడ్డాడు. అతని భార్య ఇంటికి అవతలి పక్కన ఉంది. నేను మలుపు తిరిగేసరికి పార దిగింది. వంటింటి గోడ సగం పారలోకి వెళ్ళింది, అటక మీది కుండలతో సహా. ఆ మనిషి దాని కింద మూరెడు దూరంలో ఉన్నాడు.

ఎలా వెళ్ళానో గుర్తులేదు. పారకీ అతనికీ మధ్య నిలబడి చేతులు ఆడిస్తున్నాను. ఇనుము నా మోచేతికి తగిలింది, చల్లగా. బురద వాసన. పార పళ్ళ మధ్య ఒక ఇటుక ఇరుక్కుని ఉంది. అది ఆగింది. కూర్చోవాలనిపించింది. కూర్చుంటే ఇద్దరం గుంజలమే. చేతులు ఆడిస్తూనే గట్టిగా పిలిచాను. అతని భార్య వచ్చి అతన్ని చంకల కింద పట్టి ఈడ్చుకుపోయేదాకా ఆడించాను. తర్వాత మళ్ళీ నడిచాను.

నాలుగింటికి పీతలు నాలుగూ పారలు దించి, అడ్డంగా తిరిగి, వచ్చిన దారినే పోయాయి. ఎవరూ కేక వేయలేదు. నిలబడటానికి అందరూ భయపడ్డారు. పీతలు కనుచూపు దాటాక కూడా కొందరు నడుస్తూనే ఉన్నారు.

పేరంటాలు మాకు అన్నం పెట్టింది. తినేముందు ఆమెకు నిజం చెప్పాను. ఆ బొమ్మ తగ్గించింది నేనేననీ, చదవాల్సింది చదవలేదనీ, నక్కలమెట్టలో ఏం జరిగిందో కూడా చెప్పాను. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"ఇట్టాంటి ఊళ్ళు ఇంకెన్నున్నయ్యి?"

ఇంకా రెండు వందల షీట్లు చూడాల్సి ఉందని చెప్పాను.

"అయితే ఇక్కడ కూర్చున్నావేం? తిని లెగు" అంది.

136వ రోజు

పొద్దున పీతలు ఉప్పుదిబ్బకు వెళ్ళి, కొత్త పటం ప్రకారం చుట్టు తిరిగి పోయాయని బాబాయి కబురు తెచ్చాడు. నేను రెండు షీట్లు ముక్కలు చేశాను. ఒక్క మధ్యాహ్నంలో ఒక్కటే ఎక్కుతోంది.

138వ రోజు

ఇలాగైతే ఏడాది పడుతుంది. పన్నెండు ముక్కలూ అవసరం లేదని నిన్న తట్టింది. చుక్కలున్న ముక్కలు మాత్రమే ఎక్కిస్తే చాలు, చాలా షీట్లకు ఒకటో రెండో ఉంటాయి. పీతలు ముందు ఏ వైపు వెళ్తాయో చూసి ఆ వరుసలో చేస్తున్నాను. అవి తిన్నె ఎక్కి పటం దించుకోకముందే ఆ షీటు పూర్తవ్వాలి. నాకన్నా అవి ఒకటిన్నర రోజు వెనక ఉన్నాయి. భోగేశ్వరరావు గారు కుర్చీ పైకి తెచ్చుకుని, వేలు పెట్టడానికి పదకొండు నుంచి రెండు దాకా నా పక్కనే కూర్చుంటున్నారు. మేం మాట్లాడుకోం. లింకు ఆగినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి ఊపిరి బిగబడతాం.

164వ రోజు

మూడు వందల పన్నెండూ అయ్యాయి.

కాని నలభై మూడు మచ్చల సంగతి తేలలేదు. సముద్రపు నీళ్ళు తగిలి సిరా పాకినవి, తుప్పు పడ్డవి, చేపనెత్తురో చుక్కో చెప్పలేనివి. వేలిముద్రలతో సరిచూద్దామంటే అంచులు చెరిగిపోయి ఉన్నాయి. ఆ షీట్లు గీసిన సర్వేయర్లలో ఇద్దరు ఉద్యోగం మానేసి ఎటో పోయారు. నలభై మూడింటినీ చుక్కలుగానే ఎక్కించాను.

ఈరోజు హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సర్వే లెక్క కన్నా పటంలో నలభై మూడు ఇళ్ళు ఎక్కువున్నాయట. వాటి చుట్టూ మట్టి వదిలేయడంవల్ల తుఫాన్ల కాలానికి కట్ట ఆరు వందల మీటర్లు తక్కువపడుతుందట. కారణం తెలపాలి.

ఆరు వందల మీటర్లు. ఆ ఖాళీకి వెనక మా వీధి కూడా ఉంది. ఉత్తరం చదివి వినిపించి, ఏం రాయమంటావని భోగేశ్వరరావు గారు నన్నే అడిగారు. ఎవరైనా వెళ్ళి కళ్ళతో చూసేదాకా అవి ఇళ్ళేనని రాయమన్నాను. ఆయన అలాగే రాసి, కింద తన సంతకమే పెట్టారు. కళ్ళతో చూడటానికి ఎవరు వెళ్తారని కూడా అడిగారు. సాయంత్రం నాంచారయ్య బాబాయి పడవకు తారు పూయిస్తుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయనకు అర్థమైంది.

171వ రోజు

నాలుగు రోజుల్లో పదకొండు మచ్చల దగ్గరికి వెళ్ళాం. పదకొండూ వట్టి బురద. గుడ్డ మీద ఒక్కోటీ కొట్టేస్తూ వచ్చాను. కొట్టేసిన ప్రతిసారీ కలం పెట్టేముందు చుట్టూ మళ్ళీ తిరిగి చూశాను. బాబాయి విసుక్కోలేదు. తూర్పున ఆకాశం రెండు రోజులుగా మబ్బుగా ఉంది.

పన్నెండోది షీటు 88లో ఉంది. పేరు కూడా లేని మెట్ట. మడచెట్ల వెనక ఒక తాటాకు పాక, తలుపు దగ్గరికి వేసి ఉంది. రెండు గుంజల మధ్య తాడు మీద చీర, లుంగీ, చిన్నపిల్ల గౌను ఆరేసి ఉన్నాయి. వాటినుంచి నీళ్ళు కారుతున్నాయి.

పిలిచాం. పలకలేదు. బాబాయి పడవ తెడ్డు మీద కొట్టి మళ్ళీ పిలిచాడు. పలకలేదు.

నేను తలుపు వైపు అడుగేస్తే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉన్నారమ్మా. మనల్ని చూసి దాక్కున్నారు. మనం గుడ్డ పట్టుకుని వచ్చిన చోటికల్లా వెనకాలే పీతలొస్తన్నయ్యి. వాళ్ళకు మనమేంది, అయ్యేంది."

ఆ మూసిన తలుపుకే చెప్పాను. నా పేరు చెప్పాను. మీ ఇల్లు పటంలో ఉందనీ, తుడిచిపోకుండా చూస్తాననీ, పీతలు వస్తే నిలబడవద్దు, నడుస్తూ ఉండమనీ చెప్పాను. లోపల ఏదో చిన్నగా కదిలినట్టు అనిపించింది. గాలి కూడా కావచ్చు.

గుడ్డ మోకాళ్ళ మీద పరిచి, పాత మచ్చ మీదే కందిబద్దంత చుక్క పెట్టాను. వేలిముద్ర చోటు ఖాళీగా వదిలాను. పోటు మొదలవుతోందని బాబాయి తొందరపెట్టాడు. పడవ మడచెట్ల మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను.

తాడు మీద బట్టలు లేవు.